ఫ్లెక్సీ మీది ముఖానికి వకీలు ఎక్కడ?

పుదుచ్చేరిలోని సారంలో కామరాజ్ సాలై వెంట నడిచే మనిషికి ముఖాల కరువుండదు. పెళ్లి ఫ్లెక్సీలో వధూవరుల భుజాల వెనక అభిమాన హీరో నవ్వుతుంటాడు. చెవులు కుట్టే వేడుకకైనా, కొత్త సెలూన్ ప్రారంభానికైనా అదే నవ్వు. ఆ నటుడిని ఎవరూ అడగరు, ఆయనా పట్టించుకోడు. అభిమానం ఉన్నంత మేరకు ఇది ఎవరికీ తగాదా కాదు. సరుకు అమ్మడం మొదలైన చోటే చిక్కు మొదలవుతుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. సారంలో ఓ మిఠాయి దుకాణం యజమాని దీపావళికి ఫ్లెక్సీ వేయించాడు. డిజైన్ చేసిన కుర్రాడు ఇంటర్నెట్‌లో దొరికిన ఓ అగ్రనటుడి ఫొటో తీసి, ఏఐ యాప్‌తో చేతిలో లడ్డూ పెట్టాడు. అదే బొమ్మ ఇన్‌స్టాగ్రామ్‌లోకీ ఎక్కింది. మూడు వారాలకు పెద్ద న్యాయసంస్థ లెటర్‌హెడ్ మీద లాయర్ నోటీసు వచ్చింది. వెంటనే తీసేయాలి, బహిరంగ క్షమాపణ చెప్పాలి, రెండు కోట్లకు పైగా పరిహారం ఇవ్వాలి. యజమానికి తెలిసిన వకీలు ఒక్కరే, ఆయన బావమరిది పొలం హద్దుల కేసు చూసినాయన. ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఈ ప్రశ్నకు మన పత్రికల్లో జవాబు దొరకదు. పేరు, ముఖం, గొంతు మీద మనిషికుండే వ్యక్తిత్వ హక్కుల గురించి కొంతకాలంగా వస్తున్న వార్తలన్నీ తారల వైపు నుంచి రాసినవే. 2025 సెప్టెంబరు 25న నాగార్జునకు దిల్లీ హైకోర్టులో ఊరట దొరికింది. మర్నాడే హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు చిరంజీవి పేరు, ఫొటో, గొంతు, బిరుదులను అనుమతి లేకుండా వాడరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. డిసెంబరులో జూనియర్ ఎన్టీఆర్, పవన్ కల్యాణ్ దిల్లీ బాట పట్టారు. మంచు విష్ణు అంతకు ఏడాది ముందే అక్కడికి వెళ్లివచ్చారు. గెలిచిన ప్రతిసారీ శీర్షికలు వచ్చాయి. అవతలి పక్షాన నిలబడ్డ చిన్న దుకాణదారు, టీషర్టులు ముద్రించే కుర్రాడు, మీమ్ పేజీ నడిపే విద్యార్థి ఎవరిని పెట్టుకున్నారో, అసలు ఎవరినైనా పెట్టుకోగలిగారో ఎవరూ రాయలేదు.

ఒకే వారంలో ఒకే పరిశ్రమకు చెందిన ఇద్దరు నటులు రెండు వేర్వేరు కోర్టుల మెట్లెక్కడం యాదృచ్ఛికం కాదు. వకీలును వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి. దిల్లీ హైకోర్టుకు రెండు కోట్ల రూపాయలు దాటిన సివిల్ దావాను తానే మొదటిసారి విచారించే అధికారం ఉంది. 2021 నుంచి అక్కడ మేధాసంపత్తికి ప్రత్యేక విభాగమూ నడుస్తోంది. నోటీసుల్లో పరిహారం అంకె రెండు కోట్ల గీత దాటి కనిపించడానికి ఇదీ ఒక కారణం. తెలంగాణ హైకోర్టుకు అలాంటి మామూలు సివిల్ దావాలను నేరుగా స్వీకరించే అధికారం లేదు. హైదరాబాద్‌లో దావా వేయాలంటే సిటీ సివిల్ కోర్టే మొదటి మెట్టు. చిరంజీవి ఆ మెట్టే ఎక్కారు, పని జరిగింది. దిల్లీ వెళ్తేనే న్యాయం అనుకునేవారు ఈ ఒక్క ఉదాహరణను గుర్తుపెట్టుకుంటే చాలా ప్రయాణ ఖర్చులు మిగులుతాయి.

మరి సారం సంగతి? పుదుచ్చేరి మద్రాసు హైకోర్టు పరిధిలోకి వస్తుంది. ఆ హైకోర్టుకూ మొదటి విచారణాధికారం ఉంది కానీ అది చెన్నై నగర పరిధికి సంబంధించింది. వ్యవహారంలో కొంత భాగమైనా చెన్నైలో జరిగిందని చూపి, ముందుగా అనుమతి తీసుకుంటేనే బయటివారు ఆ తలుపు తట్టగలరు. లేదంటే సారం మనిషి దావా నడిచేది కడలూరు రోడ్డులోని పుదుచ్చేరి కోర్టుల సముదాయంలోనే. అంటే కావలసింది ఆ ఆవరణలో రోజూ తిరిగే వకీలు. చెన్నై నుంచి వాయిదాకోసారి కారులో వచ్చే సీనియర్ తర్వాతి సంగతి.

అయితే ఆ స్థానిక వకీలుకు ఈ విషయంలో ఏం తెలిసి ఉండాలి? ఇక్కడే అసలు పరీక్ష ఉంది. మన దేశంలో వ్యక్తిత్వ హక్కుల చట్టం అంటూ ఒకటి లేదు. ఉన్నవి తీర్పులు, వాటికి తోడు కాపీరైట్, ట్రేడ్‌మార్క్ చట్టాల్లో చెదురుమదురుగా ఉన్న సెక్షన్లు. ఒక తీర్పు వెంట వెళ్తే ఒక చోటికి, ఇంకో తీర్పు వెంట వెళ్తే ఇంకో చోటికి చేరతాం. దావా ఏ పునాది మీద వేస్తారన్నదే కేసు సగం తేల్చేస్తుంది.

మద్రాసు హైకోర్టు నుంచి ఈ విషయంలో ఎక్కువగా ఉదహరించేది రజనీకాంత్ కేసు. ‘మై హూఁ రజనీకాంత్’ అనే హిందీ సినిమా మీద ఆయన 2014లో కోర్టుకెక్కారు. తన పేరు, హావభావాలు, సంభాషణ తీరు వాడుకుని తనను తక్కువ చేస్తున్నారని ఆయన అభ్యంతరం. కథ ఆయనది కాదని నిర్మాతల వాదన. 2015 ఫిబ్రవరిలో జస్టిస్ ఆర్. సుబ్బయ్య రజనీకాంత్ వైపు మొగ్గారు. చూసేవాళ్లు గుర్తుపట్టగలిగితే చాలు, మోసపోయారనో పొరబడ్డారనో నిరూపించనక్కర్లేదన్నారు. ఆ సినిమా చివరికి పేరు మార్చుకుని బయటికొచ్చింది. ఈ తీర్పులో మరో మాట ఉంది, దాన్ని చాలామంది చదవరు. ఈ హక్కు సెలబ్రిటీ స్థాయికి చేరినవారిదని అందులో అన్నారు. తారకు అది బలం. తార కాని మనిషికి అదే గోడ.

గోడ పక్కనే పాత ద్వారం ఒకటి ఉంది. తమిళ పత్రిక ‘నక్కీరన్’ ఆటో శంకర్ అనే మరణశిక్ష ఖైదీ ఆత్మకథను అచ్చువేయబోతే జైలు అధికారులు అడ్డుపడ్డారు. ఆ గొడవ సుప్రీంకోర్టుకు చేరింది. 1994 అక్టోబరులో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి రాసిన తీర్పు వచ్చింది. పత్రికకు అనుకూలంగా వచ్చిన తీర్పుగానే అది పేరు పడింది కానీ, ఒక మనిషి పేరునో రూపాన్నో సమ్మతి లేకుండా ప్రకటనలకు వాడితే గోప్యతకు భంగం కలిగినట్లేనన్న మాట కూడా అందులోనే ఉంది. సెలబ్రిటీ అయి తీరాలన్న షరతు అక్కడ లేదు. 2017లో పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా స్థిరపరచి ఆ ద్వారాన్ని ఇంకా వెడల్పు చేసింది.

కాబట్టి వకీలును ఎంచుకునే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు. ‘నా కేసు ఏ పునాది మీద వేస్తారు?’ అని అడగాలి. పేరున్న నటుడి తరఫున అయితే రజనీకాంత్ తీర్పు. రీల్స్ చేసుకునే అమ్మాయి ఫొటోను నగల దుకాణం వాడేసుకుంటే జీవన్ రెడ్డి తీర్పు, కాపీరైట్. ఈ రెండింటికీ తేడా చెప్పలేని వకీలు ఎంత పెద్ద గౌను వేసుకున్నా ఈ పనికి సరిపోడు. ఆ తేడా చెప్పగలిగితే నిన్నగాక మొన్న ఎన్‌రోల్ అయిన జూనియర్ అయినా పరవాలేదు.

మామూలు మనుషుల కేసులు ఉంటాయా అని అనుమానించేవారికి తెలుగు నేలే జవాబు చెప్పింది. 2018లో తెలంగాణ ప్రభుత్వ పథకాల ప్రకటనల్లో ఓ గ్రామీణ కుటుంబం ఫొటో వచ్చింది. మరో ప్రకటనలో అదే మహిళ, అదే బిడ్డ ఉన్నారు, భర్త స్థానంలో మాత్రం ఇంకెవరో ఉన్నారు. ఊళ్లో తలెత్తుకోలేని పరిస్థితి వచ్చిందని ఆ కుటుంబం వాపోయింది. 2025లో మహారాష్ట్రకు చెందిన ఓ మహిళ, స్టాక్ ఫొటో సంస్థ ద్వారా తన బొమ్మ కొన్ని రాష్ట్ర ప్రభుత్వాల ప్రకటనల్లోకి ఎక్కిందని ముంబయి హైకోర్టుకు వెళ్లారు. అందులో తెలంగాణ పేరూ ఉంది. ఒక నటుడి ముఖం ఒక ఫ్లెక్సీలో అదనంగా కనిపిస్తే ఆయనకు పోయేది కొంత వ్యాపారం. ఈ మహిళలకు పోయింది ఇరుగుపొరుగు ముందు మర్యాద. చట్టం ఎవరి కోసం ముందు పరుగెత్తుకురావాలో చెప్పనక్కర్లేదు, కానీ పరుగెత్తేది మాత్రం అవతలి వైపే.

పెళ్లి ఫొటోల విషయమే తీసుకుందాం. డబ్బులిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు ఆ ఫొటోకు కాపీరైట్ హక్కుదారు డబ్బు ఇచ్చిన వ్యక్తే. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ఈ మాట చెబుతుంది. స్టూడియో అద్దంలో తన పెళ్లి ఫొటో వేలాడటం వధువుకు నచ్చకపోతే, వ్యక్తిత్వ హక్కు అనే పెద్ద మాట అక్కర్లేదు. ఈ ఒక్క సెక్షన్ చూపించి రాసిన ఉత్తరం సరిపోతుంది. ఇంగ్లండులో 1888లో ఇదే తగాదా కోర్టుకెక్కింది. తన ఫొటోను స్టూడియో క్రిస్మస్ కార్డుగా అమ్ముతోందని ఒక మహిళ దావా వేస్తే, ఫొటో తీయించుకున్న ఒప్పందంలోనే ఆ నిషేధం ఇమిడి ఉందని న్యాయమూర్తి ఆపించారు. అమెరికాలో 1902లో ఒక అమ్మాయి బొమ్మను పిండి కంపెనీ పాతిక వేల పోస్టర్ల మీద అచ్చువేస్తే న్యూయార్క్ అత్యున్నత కోర్టు నాలుగు–మూడు తేడాతో ఆమెకు న్యాయం నిరాకరించింది. జనం మండిపడ్డారు, మరుసటి ఏడాది శాసనసభ చట్టం చేసింది.

పుదుచ్చేరికి ఇందులో మరింత పాత చుట్టరికం ఉంది. ముఖం మీద హక్కు గురించి ప్రపంచంలో మొదట చెప్పుకునే తీర్పుల్లో ఒకటి 1858 జూన్ 16న పారిస్‌లో వచ్చింది. రషేల్ అనే గొప్ప రంగస్థల నటి చనిపోతే, మంచం మీద ఉన్న ఆమె ఆఖరి రూపాన్ని కుటుంబం ఫొటో తీయించుకుంది. దాన్ని చూసి ఒకరు గీసిన బొమ్మ అమ్మకానికి రావడంతో ఆమె సోదరి కోర్టుకు వెళ్లి ఆపించింది. ఆనాటికి పుదుచ్చేరి, యానాం రెండూ ఫ్రెంచి వారివే. ఫ్రాన్సులో ఆ ఆలోచన పెరిగి పెద్దదై 1970లో సివిల్ కోడ్ 9వ అధికరణంగా స్థిరపడింది. అప్పటికి ఎనిమిదేళ్ల ముందే, 1962లో పుదుచ్చేరి చట్టబద్ధంగా భారత్‌లో కలిసిపోయింది. లేకుంటే సారం మిఠాయి దుకాణం యజమాని నోటీసులో ఏ సెక్షన్ ఉండేదో ఊహించుకోవడం సరదాగానే ఉంటుంది.

చనిపోయినవారి సంగతికి వస్తే దారి ఇంకా గజిబిజి. నెల్లూరు జిల్లాలో పుట్టి చెన్నైలో స్థిరపడిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. 2023లో వచ్చిన ‘కీడా కోలా’ సినిమాలో ఆయన గొంతును ఏఐతో పునఃసృష్టించారు. అనుమతి అడగలేదంటూ ఆయన కుమారుడు చరణ్ చిత్రబృందానికి లాయర్ నోటీసు పంపారు. తెలుగు సినిమాకు ఏఐ గొంతు తగాదాతో ఇదే మొదటి పెద్ద పరిచయం. చట్టం ఎవరి వైపు ఉందో చెప్పడం మాత్రం కష్టం. జయలలిత జీవితం మీద సినిమా తీస్తే ఆమె మేనకోడలు దీప వేసిన దావాలో, మనిషితో పాటే గోప్యత హక్కు పోతుందనే మాట మద్రాసు హైకోర్టు నుంచి వచ్చింది. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి కేసులో 2023లో దిల్లీ హైకోర్టు కూడా దాదాపు అదే అంది. ఆ రెండు కేసులూ కథ చెప్పే సినిమాల మీదివి. బాలు విషయంలో గొంతునే మళ్లీ పుట్టించారు. ఈ తేడాను పట్టుకుని వాదించగల వకీలుకు చెన్నైలో మంచి అవకాశం ఉంది. బతికున్నవారి గొంతు అనుకరణ మీద అమెరికాలో ఇప్పటికే లెక్క తేలింది. గాయని బెట్ మిడ్లర్‌ను పోలిన గొంతుతో ఫోర్డ్ కార్ల ప్రకటన చేస్తే జ్యూరీ ఆమెకు నాలుగు లక్షల డాలర్లు ఇప్పించింది.

సరే, వకీలును ఎలా వెతకాలి? ముందుగా ఎక్కడ వెతకకూడదో తెలియాలి. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం వకీలు తన పని కోసం ప్రకటనలు ఇచ్చుకోకూడదు, కక్షిదారులను వేటాడకూడదు. ఇంటర్నెట్‌లో ‘టాప్ పది సెలబ్రిటీ లాయర్లు’ అంటూ నక్షత్రాల రేటింగ్‌తో కనిపించే పేజీల సంగతి 2024 జులైలో మద్రాసు హైకోర్టే తేల్చింది. సరుకుల దుకాణాల్లా వకీళ్లను అమ్మే వెబ్‌సైట్ల ద్వారా పని తెచ్చుకునేవారి మీద చర్యలు తీసుకోవాలని ఆదేశించింది. పుదుచ్చేరి వకీళ్లు నమోదయ్యేది తమిళనాడు, పుదుచ్చేరి బార్ కౌన్సిల్‌లోనే కనుక ఈ ఆదేశం నేరుగా వర్తిస్తుంది.

వెతకవలసిన చోటు ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్. అందులో వకీలు పేరు కొడితే ఏ కోర్టులో ఏ రకం కేసులు నడుపుతున్నారో తెలుస్తుంది. గత రెండేళ్లలో ఒక్క ట్రేడ్‌మార్క్ దావా అయినా, ఒక్క ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) పిటిషన్ అయినా ఉందా చూడాలి. ఇంజంక్షన్ అంటే తెలిసిన వకీళ్లు ఎక్కువగా ఆస్తి కేసుల్లోంచే వస్తారు. అదేం తప్పు కాదు. మధ్యంతర ఉత్తర్వు తెచ్చే నైపుణ్యం, దాన్ని ఎత్తివేయించే నైపుణ్యం పొలం గట్టు దగ్గరా, ముఖం దగ్గరా ఒకటే. మిగతాది చదువుకుంటే వస్తుంది. కాబట్టి బావమరిది పొలం కేసు చూసినాయన్ని పూర్తిగా తీసేయనక్కర్లేదు. పైన చెప్పిన ప్రశ్న ఆయన్నే అడిగి చూడాలి.

నోటీసు అందుకున్నవారికి తొందర ఎక్కువ. వెంటనే కుదిరే పని ఒకటుంది. అవతలివారు కోర్టుకెళ్లి తన మాట వినకుండా ఏకపక్ష ఉత్తర్వు తెచ్చుకుంటారన్న భయం ఉంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ కింద కేవియట్ వేయొచ్చు. తొంభై రోజుల పాటు తనకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వరు. ఏ కోర్టులో వేయాలన్నదే ఇక్కడ తెలివి. నోటీసు దిల్లీ చిరునామా నుంచి వస్తే పుదుచ్చేరిలో వేసిన కేవియట్ గొడుగులా అటకమీద పడి ఉంటుంది. ఈ కేసుల్లో మరో విచిత్రం కూడా ఉంది. ఎవరో తెలియని ప్రతివాదులను కలిపి దావా వేసేటప్పుడు మన కోర్టుల్లో వాళ్లకు ‘అశోక్ కుమార్’ అని పేరు పెడతారు. ‘దాదామణి’గా పిలుచుకున్న హిందీ నటుడి పేరు ముక్కూమొహం తెలియని ముద్దాయిలకు దక్కడం ఎవరి పుణ్యమో! మిఠాయి దుకాణం యజమాని తనకు తెలియకుండానే దిల్లీలో ఏదో దావాలో అశోక్ కుమార్ అయి ఉండే వీలూ లేకపోలేదు.

అవతలివారు ఎప్పుడూ నటుడే కానక్కర్లేదు. 2012లో దిల్లీలో రామ్‌కుమార్ జువెలర్స్ మీద గెలిచింది అమితాబ్, జయా బచ్చన్‌లు కాదు, తనిష్క్ నగలమ్మే టైటాన్ కంపెనీ. బచ్చన్ దంపతులు కనిపించే తమ ప్రకటననే దాదాపు అలాగే హోర్డింగు చేశారని టైటాన్ వాదన. అంటే అక్కడ ముఖంతో పాటు ప్రకటన మీద కాపీరైటూ ఉంది. ఏ ఫొటో ఎక్కడి నుంచి తెచ్చారో డిజైన్ చేసిన కుర్రాడిని అడగకుండా వకీలు జవాబు రాయకూడదు.

డబ్బు లెక్క కూడా చెప్పుకోవాలి. 2010లో గాయకుడు దలేర్ మెహందీ రూపంలో పాడే బొమ్మలు అమ్మిన దుకాణం మీద ఆయన సంస్థ దావా గెలిస్తే దిల్లీ హైకోర్టు ఇప్పించిన పరిహారం లక్ష రూపాయలు. మన కోర్టులు ఈ కేసుల్లో ఆపిస్తాయి, కాసులు కురిపించవు. రెండు కోట్లు అని నోటీసులో చూసి వణికిపోనక్కర్లేదు. నిజంగా నష్టపోయిన మామూలు మనిషి కూడా పెద్ద మొత్తం వస్తుందని ఆశపడి అప్పు చేయకూడదు. ‘గెలిస్తే సగం నాది’ అని వకీలు అంటే ఆ క్షణమే లేచి వచ్చేయడం మంచిది, ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి.

చాలా సందర్భాల్లో మొదటి పని కోర్టుకు వెళ్లడం కాదు. మార్ఫింగ్ ఫొటోలు, మారువేషపు ఖాతాల మీద బాధితుడే నేరుగా ఫిర్యాదు చేసే ఏర్పాటు 2021 ఐటీ నియమాల్లో ఉంది. 2025 డిసెంబరులో జూనియర్ ఎన్టీఆర్ దావా విచారణకు వచ్చినప్పుడు జస్టిస్ మన్మీత్ ప్రీతమ్ సింగ్ అరోరా కూడా ఆ దావానే ఫిర్యాదుగా స్వీకరించి చర్య తీసుకోవాలని సామాజిక మాధ్యమాలకు చెప్పారు. తారకే ముందు ఫిర్యాదు పెట్టుకోమంటే సారం రీల్స్ అమ్మాయికి వేరే దారి ఏముంది? మంచి వకీలు మొదటి రోజు ఫీజుకు బదులు ఆ ఫిర్యాదు ఫారం నింపిస్తాడు. దాంతో పాటు ఆధారాలు భద్రపరిపిస్తాడు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం స్క్రీన్‌షాట్‌కు సర్టిఫికెట్ లేకపోతే కోర్టు దాన్ని సాధారణంగా సాక్ష్యంగా స్వీకరించదు. అవతలివారు పోస్టు తీసేశాక ఈ సంగతి గుర్తొస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే.

తప్పు చేయనివారి వకీలు ఎలా ఉండాలన్నదీ అడగాలి. జాకీ ష్రాఫ్ 2024లో దిల్లీలో వేసిన దావాలో కోర్టు చాలామందిని ఆపింది కానీ, ఆయన మాటలను సరదా వీడియోగా కూర్చిన ఓ యూట్యూబర్‌ను వినకుండా ఆపడానికి ఒప్పుకోలేదు. దలేర్ మెహందీ తీర్పులోనే వ్యంగ్యం, పేరడీ, విమర్శకు చోటుండాలన్న మాట ఉంది. క్రికెటర్ల పేర్లతో నడిచే డిజిటల్ కార్డుల ఆట మీద 2023లో వచ్చిన మరో తీర్పు, అందరికీ అందుబాటులో ఉన్న సమాచారానికి తాళం వేయలేమంది. తెలుగులో అనుకరణ కళాకారులకు ఊరూరా ప్రదర్శనలున్నాయి. నేరెళ్ల వేణుమాధవ్ లాంటి వాళ్లు బతికింది ఇతరుల గొంతుల మీదే. కళాకారుడు వేదిక మీద చేసే పనికి, లడ్డూ అమ్మేందుకు చేసే పనికి గీత గీయగల వకీలు లేకపోతే రేపు మిమిక్రీ కళాకారులే అశోక్ కుమార్లవుతారు.

కాబట్టి ఈ వ్యాసం కోరేది తారలకు ఇంకో రక్షణ కాదు. వాళ్లకు చాలినంత ఉంది. ఇప్పుడు కావలసింది కింది కోర్టుల్లో ఈ విషయం తెలిసిన వకీళ్లు. పుదుచ్చేరి న్యాయసేవల ప్రాధికార సంస్థకు ప్యానెల్ న్యాయవాదులు ఉన్నారు. న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, 15100కు ఫోన్ చేయవచ్చు. కానీ ఆ ప్యానెల్ వకీలుకు భరణం, గృహహింస కేసుల్లో ఉన్నంత పట్టు మార్ఫింగ్ ఫొటోల కేసుల్లో ఉండాలంటే ఎవరో నేర్పాలి. కాలాపట్టులో అంబేడ్కర్ ప్రభుత్వ లా కాలేజీ ఉంది. మేధాసంపత్తి కోసం ప్రత్యేక విభాగం పెట్టుకున్న మద్రాసు హైకోర్టు ఉంది. ఆ రెండూ కలిసి పుదుచ్చేరి, కారైకల్, మాహే, యానాం వకీళ్లకు ఏడాదికి ఒకసారి శిక్షణ ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

యానాం పేరు ఎత్తాక ఒక మాట. కాకినాడ పక్కన ఉన్న ఆ తెలుగు ఊరి మనిషి ముఖాన్ని హైదరాబాద్‌లోని ఏ కంపెనీయో వాడుకుంటే, అతని కేసు యానాం కోర్టులో మొదలై, పై మెట్టు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి వైపు, ఆపైన చెన్నై వైపు నడుస్తుంది. అతని ఆధారాలు తెలుగులో, వాదనలు ఇంగ్లీషులో, పై కోర్టు ఆవరణలో మాటలు తమిళంలో ఉంటాయి. పుదుచ్చేరి న్యాయసేవల సంస్థ తన ప్యానెల్‌లో తెలుగు చదవగల వకీళ్లు ఎవరో ఒక జాబితా వేసి కడలూరు రోడ్డు కోర్టు ముంగిట, యానాం కోర్టు ముంగిట అంటిస్తే, అతను ఏ వెబ్‌సైట్ నక్షత్రాలూ లెక్కపెట్టుకోకుండా నేరుగా ఆ గుమ్మానికి వెళ్లగలడు.